దొరగారి సద్గుణాలు

విస్కీ దొరగారూ! ఈ దేశంలో మిమ్మల్ని తిట్టేవాళ్ళకు కరువు లేదు. ఆసుపత్రి వరండాల్లో తిడతారు, కోర్టు మెట్ల మీద తిడతారు, ఎన్నికల సభల్లో మైకు పట్టుకుని మరీ తిడతారు. ఆ తిట్ల వల్ల మీకు ఒక్క వెంట్రుక కూడా ఊడలేదు. అందుకే నేను మిమ్మల్ని పొగడాలని కూర్చున్నాను. కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును నిందిస్తూనే శతకమంతా స్తుతించాడు. నాకు పద్యం కట్టడం రాదు. దేవుడితో అంత చనువూ లేదు. మీతో మాత్రం పెళ్ళయిన నాటి నుంచీ పరిచయం ఉంది. నేను చెప్పబోయే సుగుణాల్లో ఒక్కటీ కల్పన కాదు. కొన్ని నా కళ్ళతో చూసినవి, కొన్ని లెక్కల్లో తేలినవి.

ముందుగా మీ వంశం సంగతి. మేముండేది ఘాజియాబాద్‌లో, మీ కోట ఉన్న ఊళ్ళోనే. ఢిల్లీ నుంచి మెట్రో ఎర్ర లైనులో తూర్పుకు వస్తే మోహన్‌నగర్ స్టేషను తగులుతుంది. ఆ మోహన్‌నగర్‌కు పేరూ, ఊపిరీ మీ వల్లనే వచ్చాయి. 1855లో ఎడ్వర్డ్ డయ్యర్ అనే ఆంగ్లేయుడు కసౌలీ కొండల్లో పెట్టిన బ్రూవరీతో ఈ కథ మొదలు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో నిరాయుధుల మీద కాల్పులు జరిపించిన జనరల్ డయ్యర్ ఆయన కొడుకే. తండ్రి వ్యాపారం తర్వాత మీకిన్ల వ్యాపారంతో కలిసి డయ్యర్ మీకిన్ అయింది. 1949లో నరేంద్రనాథ్ మోహన్ చేతికొచ్చింది. ఆయన ఇక్కడ జీటీ రోడ్డు పక్కన కట్టించిన పారిశ్రామికవాడే మోహన్‌నగర్. 1966లో కంపెనీ పేరులోంచి డయ్యర్ పోయి మోహన్ వచ్చింది. దొరలందరినీ ఓడ ఎక్కించిన దేశం మిమ్మల్ని ఒక్కరినీ అట్టిపెట్టుకుంది దొరగారూ. వీధి పేర్లు మార్చాం, విగ్రహాలు దింపాం, మీ గ్లాసు మాత్రం దింపలేదు. ఇవాళ పరిమాణంలో చూస్తే లోకంలో అతి పెద్ద విస్కీ బజారు మాదే. ఇంతటి ఆదరణ మిమ్మల్ని పెంచిన స్కాట్లాండులో కూడా మీకు దొరకలేదు.

ఈ మోహన్‌నగర్‌కే చెందిన మరో విశేషం చెప్పకుండా ముందుకు పోలేను. 1954లో పుట్టిన ఓల్డ్ మంక్ రమ్మునూ, సోలన్ నంబర్ వన్ విస్కీనీ దశాబ్దాల పాటు లోకం మీదికి నడిపించినవారు బ్రిగేడియర్ కపిల్ మోహన్. 2010లో పద్మశ్రీ అందుకున్నారు. 2018 జనవరి 6న, ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన మద్యం ముట్టేవారు కాదన్నది దేశమంతా చెప్పుకునే సంగతే. మిమ్మల్ని ఆయనంత దగ్గరగా ఎరిగినవాళ్ళు ఎందరుంటారు? మీ రంగు, మీ వాసన, మీ పీపా వయసు అన్నీ తెలిసిన మనిషి మిమ్మల్ని లోకానికంతా పంచి, తన గ్లాసు దగ్గరికి మాత్రం రానివ్వలేదు. మీ మీద ఆయన రాయకుండా రాసిన ఆ యోగ్యతాపత్రాన్ని నేను ఎంతో గౌరవిస్తాను.

ఇక అసలు మహిమకు వస్తాను. మనిషి స్థాయిని కొలవడంలో మీకు మీరే సాటి.

ఇందిరాపురం, వైశాలి, వసుంధర ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. సాహిబాబాద్ ప్రభుత్వ సంస్థల్లో పనిచేసి రిటైరైనవాళ్ళు, హిండన్ వైమానిక స్థావరానికి బదిలీ మీద వచ్చినవాళ్ళు, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ అద్దె తక్కువని ఇటు చేరినవాళ్ళు. శనివారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుంటారు. ఆడవాళ్ళం లోపల పల్లీలు వేయిస్తుంటాం. కబుర్లు వినిపిస్తూనే ఉంటాయి. అమరావతి గురించి కాసేపు, అమెరికా వీసాల గురించి కాసేపు, తర్వాత మిగిలిన రాత్రంతా మీ గురించే.

పెద్దాయన ఒకరున్నారు, అందరం బాబాయిగారు అంటాం. ఆయనది సోలన్ నంబర్ వన్. ఇక్కడికొచ్చిన కొత్తలో అదే తాగాను, ఇప్పుడూ అదే చాలు అంటారు. వైమానిక దళంలో చేసిన అన్నయ్యగారికి కాంటీన్ మందు తప్ప మరొకటి నచ్చదు. బయట అదే సీసా కొన్నవాణ్ణి చూస్తే ఆయనకు జాలి. బ్యాంకు ఆఫీసరుగారి చరిత్ర ఇంకా ఆసక్తిగా ఉంటుంది. క్లర్కుగా ఉన్నప్పుడు మెక్‌డొవెల్స్, ఆఫీసరయ్యాక రాయల్ స్టాగ్, మేనేజరయ్యాక బ్లెండర్స్ ప్రైడ్, చీఫ్ మేనేజరు కాగానే టీచర్స్. ఇప్పుడు బ్లాక్ లేబుల్ తప్ప గొంతు దిగదంటారు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు వీళ్ళెవరినీ లెక్కచేయడు. అతనిది సింగిల్ మాల్టు. హర్యానా నుంచి వచ్చే ఇంద్రీ, బెంగళూరు అమృత్, గోవా పాల్ జాన్. సోడా కలిపేవాళ్ళను చూసి మొహం తిప్పుకుంటాడు. మా వారిది విమానాశ్రయం సరుకు. ఆయన తాగేదానికన్నా దాన్ని ఎక్కడ కొన్నారో చెప్పడానికి పట్టే సమయం ఎక్కువ.

వీళ్ళ వాదనలు నేను శ్రద్ధగా విన్నాను. ఒకరు స్మూత్ అంటారు. ఒకరు కిక్కు కావాలంటారు. ఒకరు పొగ వాసనలో సముద్రం కనిపిస్తుందంటారు. చవకది తాగితే పొద్దున తల పగిలిపోతుంది, ఖరీదైనది తాగితే పువ్వులా లేస్తామని అందరూ ఒక్కమాట మీదికొస్తారు. అయితే ఇన్నేళ్ళలో ఎవరి ఇష్టమూ నాలుక వల్ల మారడం నేను చూడలేదు. జీతం పెరిగితే మారింది. కొడుక్కి అమెరికాలో ఉద్యోగం వస్తే మారింది. మేనేజరు హోదా పోయి రిటైరైన నెలలో ఒకరి ఇష్టం మళ్ళీ కిందికి దిగింది, అదీ ఎవరికీ చెప్పకుండా. ఖరీదైన పాత సీసాలో చవకది పోసి బల్ల మీద పెట్టారు. ఆ రాత్రి ఎవరూ గుర్తుపట్టలేదు. స్మూత్ అన్నవాళ్ళు స్మూత్ అనే అన్నారు. వాళ్ళావిడ వంటింట్లో నాకు చెప్పి కళ్ళు తుడుచుకుంది. తన మర్యాద సీసా మీది కాగితంలో ఉందని ఒక మనిషి చేత నమ్మించగల శక్తి బంగారానికీ లేదు, పట్టుచీరకూ లేదు. మీకుంది.

ఆ రాత్రి గుర్తుపట్టలేకపోవడం వాళ్ళ నాలుకల తప్పు కాదు. 2008లో అమెరికాలో కాల్‌టెక్ పరిశోధకులు కొందరికి ఒకే ద్రాక్షసారాను రెండు ధరలు చెప్పి తాగించారు. పది డాలర్లదన్నప్పటికన్నా తొంభై డాలర్లదన్నప్పుడు ఎక్కువ రుచిగా ఉందన్నారు. మాట వరసకు అనడం కాదు, మెదడులో ఆనందాన్ని నమోదు చేసే భాగం కూడా ఎక్కువగా స్పందించింది. అంటే ధర కూడా రుచిలో కలిసిపోతుంది. మీ బంధువుకే అంత మహిమ ఉంటే మీకెంత ఉండాలి!

అన్నిటికన్నా నాకు నచ్చేది మీ సమభావం. పైకి ఎన్ని అంతస్తులు పెట్టినా లోపల మీకు ఎవరి మీదా పక్షపాతం లేదు. ఈ దేశంలో తయారై సీసాకెక్కే విస్కీ, క్వార్టరైనా ఫుల్లయినా, మామూలుగా 42.8 శాతం ఆల్కహాలు. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో 77 మిల్లీలీటర్ల శుద్ధమైన ఆల్కహాలు, తూకంలో దాదాపు 61 గ్రాములు. సైకిలు మీద వచ్చినవాడు కొన్న క్వార్టరులోనూ అంతే, కారులో వచ్చినవాడు కొన్న సీసాలో అంత కొలిచి పోసినా అంతే. బ్రిటన్ చట్టం స్కాచి 40 శాతానికి తగ్గకూడదంటుంది గనుక, డ్యూటీ ఫ్రీలో వేలు పోసి కొన్న కొన్ని సీసాల్లో నిజానికి మా ఠేకా (మద్యం దుకాణం) సరుకులో కన్నా కొంచెం తక్కువే ఉంటుంది. కాలేయానికి లేబులు చదవడం రాదు. 1988లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మద్యాన్ని మొదటి వర్గంలో, అంటే క్యాన్సర్ తెస్తుందని రుజువైనవాటిలో చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం. తర్వాత పెద్దపేగు, ఆడవాళ్ళకైతే రొమ్ము కూడా చేరాయి. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థే ఇంత తాగితే క్షేమం అనే కొలత ఏదీ లేదని తేల్చిచెప్పింది. పన్నెండేళ్ళ మాల్టుకు ఒక మినహాయింపు, మూడు నెలల సరుకుకు ఒక శిక్ష అని ఎక్కడా రాయలేదు. కులం చూడరు, జీతం చూడరు, పీపా వయసు చూడరు. మన పెద్దలు సమవర్తి అనే బిరుదును ఒక్క దేవుడికే ఇచ్చారు. ఆ పక్క పీట మీకు చక్కగా సరిపోతుంది.

మీ పుట్టుక మర్మం కూడా చెప్పాలి. ఐరోపాలో విస్కీ అనిపించుకోవాలంటే ధాన్యం నుంచే రావాలి, కనీసం మూడేళ్ళు చెక్క పీపాలో నిద్రపోవాలి. మా దగ్గర చవక విస్కీలో చాలావరకు చక్కెర మిల్లు మొలాసిస్ నుంచో, ధాన్యం నుంచో తీసిన న్యూట్రల్ స్పిరిట్. దానికి కాస్త మాల్టు, కాస్త రంగు, కొంచెం పైమెట్టు సరుకైతే తెచ్చుకున్న స్కాచి కొంత. ఈ జిల్లాలోనే ఉన్న మోదీనగర్ 1933లో చక్కెర మిల్లుతో పుట్టిన ఊరు. పశ్చిమ ఉత్తరప్రదేశ్ అంతా చెరకే. చలికాలంలో చెరకు ట్రాక్టర్లు రోడ్డు నిండా ఆగి ఉంటాయి. చెరకు తోలిన పద్నాలుగు రోజుల్లో రైతుకు డబ్బివ్వాలని 1966 నాటి ప్రభుత్వ ఉత్తర్వు చెబుతుంది. ఏళ్ళ తరబడి బకాయిల కోసం ఈ రైతులు రోడ్డెక్కుతూనే ఉన్నారు. మీ విషయంలో ఆ అన్యాయం ఎన్నడూ జరగలేదు. ఠేకా కిటికీ చువ్వల్లోంచి ముందు నోటు లోపలికి వెళ్తుంది, ఆ తర్వాతే సీసా బయటికొస్తుంది. మొక్క నాటినవాడు అప్పుల్లో ఉన్నా, మొలాసిస్‌లోంచి వచ్చిన మీరు రొక్కం మీదే నడిచారు. వ్యాపార నీతి అంటే అది.

మాల్టుల ఘనత నేను కాదనను. అమృత్ 2004లో స్కాట్లాండు గడ్డ మీద, గ్లాస్గోలో అడుగుపెట్టింది. 2010 విస్కీ బైబిల్‌లో జిమ్ ముర్రే అనే విమర్శకుడు అమృత్ ఫ్యూజన్‌కు 97 మార్కులిచ్చి లోకంలో మూడో స్థానంలో నిలబెట్టాడు. బార్లీలో ఎక్కువ భాగం మనది, పనితనం మనది. ఆ పని చేసేవాళ్ళ నేర్పు నిజమైనదే. స్కాట్లాండు చలిలో పీపాలోంచి ఏడాదికి రెండు శాతం ఆవిరైపోతే, బెంగళూరు వేడిలో పది పన్నెండు శాతం పోతుందట. దాన్ని దేవదూతల వాటా అంటారు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు మరో వాటా గుర్తొస్తుంది. మా పనమ్మాయి భర్త రోజు కూలీ ఇంటికి చేరేలోగా మీరు తీసుకునే వాటా. అది పన్నెండు శాతంతో ఆగితే ఆ ఇంట్లో పిల్లకు స్కూలు ఫీజు కట్టేవాళ్ళు.

ప్రభుత్వాలకు మీరు చేసే సేవ ఎంత పొగిడినా తక్కువే. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధానికి ప్రయత్నించమని రాజ్యానికి చెప్పింది. 2017లో దేశంలో దాదాపు అన్ని సరుకులూ జీఎస్టీ కిందికి వెళ్ళాయి, మీరు మాత్రం వెళ్ళలేదు. మీ మీది పన్ను రాష్ట్రాలు వదులుకోలేవు. 2020 మే 4న లాక్‌డౌన్ మధ్యలో దుకాణాలు తెరిస్తే, గుడులూ బడులూ మూతపడ్డ దేశం మీ కోసం మండుటెండలో బారులు తీరింది. మర్నాడే ఢిల్లీ 70 శాతం కరోనా రుసుము వేసింది. ఆంధ్రప్రదేశ్ రెండు విడతల్లో 75 శాతం పెంచింది. తాగుడు తగ్గించడానికే ధర పెంచుతున్నామన్నారు. ఆ జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మీరు అందక శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. మీ భక్తుల నిష్ఠకు అంతకన్నా రుజువు ఏం కావాలి దొరగారూ? చెయ్యి కడుక్కునే మందులో కూడా మిమ్మల్నే వెతుక్కున్నారు.

మా తెలుగు నేల మిమ్మల్ని ఒకసారి అవమానించింది. ఆ సంగతి మీరు మనసులో పెట్టుకోలేదు, అదీ మీ పెద్దతనమే. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992 ప్రాంతంలో అక్షరాలు దిద్దుకోవడానికి రాత్రి బడికి వెళ్ళిన ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు ఊరూరా మోగింది. 1993లో సారా పోయింది. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణం చేసి మద్యనిషేధం మీద సంతకం పెట్టారు, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో మీరు తిరిగొచ్చారు. వెళ్ళింది పల్లెటూరి పేదవాడి సారా, ఈసారి వచ్చింది ఇంగ్లిషు లేబులున్న క్వార్టరు. ఆ ఆడవాళ్ళు పోరాడింది ఒక బ్రాండు మీద కాదు. అయినా తగ్గు సరుకును తీసి మెరుగైన సరుకు ఇచ్చాం గదా అన్న సమాధానం అప్పటినుంచీ వినిపిస్తూనే ఉంది. 2019 తర్వాత ఆంధ్రలో తెలిసిన బ్రాండ్లు మాయమై తెలియని పేర్లు షాపుల్లో నిండాయి. ఎన్నికల్లో జనం వేసిన పెద్ద ప్రశ్నల్లో మా బ్రాండు ఏదీ అన్నది ఒకటి. 2024 అక్టోబరులో కొత్త విధానం వచ్చి 99 రూపాయలకు క్వార్టరు అందింది. తెలంగాణలో 2023లో దుకాణాల లాటరీకి లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఒక్కోదానికి తిరిగిరాని రెండు లక్షలు, మొత్తం 2,600 కోట్లు దాటింది. ఒక్క సీసా అమ్మకముందే అంత సొమ్ము! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మగవాళ్ళలో మద్యం తాగేవాళ్ళు 43 శాతం. ఉత్తరప్రదేశ్‌లో పదిహేను శాతానికి లోపే. ఈ ఒక్క విషయంలో మా వాళ్ళు ఉత్తరాదికి పాఠం చెప్పగలరు.

ఇక్కడివాళ్ళూ మీ సేవకు తక్కువేమీ చేయరు. 2025 మార్చి చివర్లో, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా సరుకు ఖాళీ చేయాలని పక్కనున్న నోయిడాలో ఒకటి కొంటే ఒకటి ఉచితమన్నారు. అట్టపెట్టెలు నెత్తిన పెట్టుకుని పరుగులు తీశారు. అదే ఏడాది జులై 24న బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో స్కాచి మీది సుంకం 150 శాతం నుంచి 75కి, పదేళ్ళలో 40కి దిగుతుందని రాసుకున్నారు. మా బ్యాంకు ఆఫీసరుగారు ఆ వార్త రెండుసార్లు పైకి చదివారు. చెరకు రైతు కోసం ఇంత వేగంగా కలం కదిలిన ఒప్పందం నాకు గుర్తులేదు.

దొరగారూ, మీ గుణాల్లోకెల్లా గొప్పది ఒకటి మిగిలి ఉంది. ఎక్కడ ఏ వేషం వేయాలో మీకు తెలిసినంతగా ఏ నటుడికీ తెలియదు.

మా సొసైటీలో ఒక వాచ్‌మన్ ఉండేవాడు. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చినవాడు. రాత్రంతా గేటు దగ్గర నిలబడేవాడు. జనవరి పొగమంచులో, చేతులు కొంకర్లు పోయే చలిలో ఒక రాత్రి అతని నోట్లోంచి మీ వాసన వచ్చింది. కింద పడలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. కొంచెం తూలాడు, కారుకు గేటు తీయడం ఆలస్యమైంది. మర్నాడు కమిటీ కూర్చుంది. తాగుబోతును గేటు దగ్గర పెట్టుకుంటే మన పిల్లల సంగతేమిటని అందరూ బాధపడ్డారు. ఆ పూటే అతన్ని పంపేశారు. తీర్మానం అయిపోయాక కమిటీ పెద్ద ఒకరి ఇంట్లో పుట్టినరోజు విందు. ఆ బల్ల మీద గ్లెన్‌ఫిడిక్ ఉంది. తీర్మానం మీద సంతకం పెట్టిన చేతులే ఆ గ్లాసులు ఎత్తాయి. అర్ధరాత్రి దాటాక వాళ్ళలో ఒకాయన మెట్ల దగ్గర భార్యను గట్టిగా తోశాడు. ఆవిడ గోడకు తగిలింది. అందరూ చూశారు. ఆయనకు ఇవాళ కొంచెం ఎక్కువైందని సర్ది ఇంటికి పంపారు. ఆ విషయం మీద కమిటీ కూర్చోలేదు.

గేటు దగ్గర మీరు నేరం. ఎనిమిదో అంతస్తులో మీరు అభిరుచి. చవకది తాగినవాడు తాగుబోతు, ఖరీదైనది తాగినవాడు రుచి తెలిసినవాడు. రెండు గ్లాసుల్లోనూ ఉన్నది మీరే. ఆడమనిషి వీపుకు తగిలే గోడ కూడా ఏ ఇంట్లోనైనా ఒకలాంటిదే. అయినా మీరు ఖరీదైన సీసాలో ఉన్నప్పుడు మీ మీద ఎవరికీ అనుమానం రాదు. పైవాడి ఇష్టం కిందివాడి మీద తీర్పు చెప్పే అధికారం కూడా ఇస్తుంది. స్మూత్, పీట్, ఫినిష్ అంటూ ఎంత సేపు మాట్లాడుకుంటే అంత సేపు ఎంత తాగామన్న ప్రశ్న రాకుండా పోతుంది. ఇంత చక్కని అడ్డుతెర నేసి ఇచ్చిన మీ ఉపకారం మా మగవాళ్ళు ఎన్నటికీ మరవరు.

ఆ వాచ్‌మన్ భార్య తర్వాత మూడిళ్ళలో పని కుదుర్చుకుంది. అందులో ఒకటి ఆ కమిటీ పెద్దగారి ఇల్లే. ఆదివారం పొద్దున ఆ గ్లాసులు కడుగుతుంది.

మీ నిజాయితీకీ నమస్కారం చెప్పాలి. మద్యపానం ఆరోగ్యానికి హానికరమని మీ ఒంటి మీదే అచ్చు వేయించుకుని తిరుగుతారు. ఇంకెవరికుంది అంత ధైర్యం? టీవీలో మీ ప్రకటనలు నిషేధిస్తే సోడా అయ్యారు, మంచినీళ్ళయ్యారు, పాటల సీడీలయ్యారు. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు ఒక జట్టు మీ బ్రాండు పేరు మీద రాయల్ ఛాలెంజర్స్ అయింది. మా ఎదురింటి అబ్బాయి ఆ జెర్సీ వేసుకుని బడికి తప్ప అన్ని చోట్లకూ వెళ్తాడు. ఏడేళ్ళవాడు. పాలు తాగమంటే మారాం చేసే వయసులో మీ పేరు గుండెల మీద వేసుకున్నాడు.

పోయిన శనివారం మా ఇంటి వంతు. మా చెల్లెలి కొడుకు సెలవులకు విజయవాడ నుంచి వచ్చి మా దగ్గర ఉన్నాడు. మూడో తరగతి. నేను పకోడీలు వేస్తుంటే వాడే వెళ్ళి బల్ల సర్దాడు. బాబాయిగారికి స్టీలు గ్లాసు, నీళ్ళు. బ్యాంకు అంకుల్‌కి పొట్టి గ్లాసు, ఐసు రెండు. సాఫ్ట్‌వేర్ అన్నకు కాడ ఉన్న చిన్న గ్లాసు, నీళ్ళు వద్దు. పెద్దనాన్నకు సోడా. ఒక్కటీ తప్పు పెట్టలేదు. అందరూ మెచ్చుకున్నారు. డ్రైవరు అంకుల్‌కి ఏదిరా అని ఎవరో నవ్వుతూ అడిగితే, ఆయన తాగకూడదు, ఆయన తాగితే తప్పు అన్నాడు వాడు. కారు నడుపుతాడని కాదు. ఎందుకు తప్పురా అంటే, ఆయన దగ్గర మంచిది కొనే డబ్బుల్లేవుగా అన్నాడు. ఆ గదిలో పెద్దవాళ్ళు ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్నదంతా వాడు ఒక వేసవి సెలవుల్లో నేర్చేసుకున్నాడు. ఇంత తొందరగా పాఠం చెప్పే మాస్టారిని నేను ఏ బడిలోనూ చూడలేదు.

మీ సద్గుణాలన్నీ తెలిసి, ఒక్కొక్కటీ ఇక్కడ ఒప్పుకుని, ఈ మాట చెబుతున్నాను దొరగారూ. ఈ శనివారం నుంచి మా ఇంట్లో మీకు కుర్చీ వేయను. సోలన్ అయినా సింగిల్ మాల్ట్ అయినా అంతే. మా వారితో చెప్పాను, బాబాయిగారితోనూ చెప్పాను. బాబాయిగారు కాసేపు ఆలోచించి, పకోడీలు ఉంటాయా అమ్మా అని అడిగారు. ఉంటాయన్నాను. వస్తానన్నారు.